చెయ్యి పెట్టని నీళ్లు

జూన్ 15, ఆదివారం

పావనిని పొదిలిలో వాళ్లమ్మ దగ్గర దింపి వచ్చాను. డాక్టరమ్మ మెట్లు ఎక్కకూడదని చెప్పిందట. మాది మేడమీది ఇల్లు. కింద ముందువైపు మా పురుగుమందుల దుకాణం, వెనక గోడౌను, ఆపైన మేము. మెట్లు ఎక్కకుండా ఈ ఇంట్లో ఎవరూ బతకలేరు కాబట్టి పుట్టింటికి పోవడమే మంచిదని అందరం ఒప్పుకున్నాం. ఇప్పుడు మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లూ నాలుగో నెలలోనే పోయింది. ఈ మాట ఇక్కడ ఒకసారి రాశాను, మళ్లీ రాయను.

బ్యాగులు కారులో పెట్టి ఎంత హారన్ కొట్టినా దిగి రాలేదు. పైకి వెళ్లి చూస్తే అక్వేరియం అద్దానికి మొహం ఆనించి, లోపలి మొక్కల్ని చూస్తూ నిలబడి ఉంది.

"నేను వచ్చేతలికి ఇవి ఇట్లనే ఉండాల" అంది.

"గిద్దలూరు చుట్టుపక్కల చేలన్నీ నా మందుల మీదనే బతుకుతాండాయి. నీ నాలుగు గడ్డిపోచలు బతికించలేనా?"

"చెయ్యి పెట్టేముందు కడుక్కోండి. సబ్బుతో ఒకసారి, మళ్లా ఉత్త నీళ్లతో ఒకసారి."

ఈ మాట ఆ గాజుపెట్టె కొన్నప్పటి నుంచి వింటున్నాను. నేనేమన్నా బడిపిల్లవాణ్ణా? సరే సరే అన్నాను. రోజూ ఏం చేసిందీ రాసిపెట్టమని, విత్తనాల కంపెనీ వాళ్లు ఇచ్చిన ఈ డైరీ నా చేతిలో పెట్టింది. ఆవిడ ఆజ్ఞ ప్రకారం రాస్తున్నాను.

జూన్ 17, మంగళవారం

లైటు వేశాను. మేత వేశాను. లైటు తీశాను. ఇంకేం రాయాలో తెలియదు.

ఉన్నమాట చెప్పుకోవాలంటే పెట్టె బాగుంటుంది. మొదటిసారి ఆస్పత్రి నుంచి వచ్చాక కొనుక్కుంది. మార్కాపురం క్వారీల దగ్గర పారేసిన పలకరాళ్లు నా బండి మీదే మోయించి, వాటిని కొండలా నిలబెట్టింది. వెనక వరసలో రిబ్బన్ గడ్డి. దానికేదో పెద్ద పేరుంది, పావని పెట్టిన పేరు ఇది. నడుమ అమెజాన్ అనే వెడల్పాకు మొక్క, చూడటానికి పొగాకు నారులా ఉంటుంది. మిగతావి చిన్న చేపలు, గోరంత రొయ్యలు. మా బోరు నీళ్లు పోస్తే గిన్నెలకే తెల్లగా గార కడుతుంది కదా, అందుకని క్యాను నీళ్లు సగం, బోరు నీళ్లు సగం కలిపి పోస్తుంది. ఇదంతా ఎవరు నేర్పారో మరి.

జూన్ 20, శుక్రవారం

వాన పడింది. దుకాణంలో ఊపిరి సలపలేదు. అందరికీ గడ్డిమందే కావాలి. ఒక డబ్బా మూత దగ్గర కారుతుంటే వేరే డబ్బాలోకి పోసి, గుడ్డతో తుడిచి కట్టేసి పైకి వచ్చాను. అమ్మ అన్నం పెట్టేలోపు పెట్టెలో మోచేతిదాకా చెయ్యి పెట్టి ముదురు ఆకులు గిల్లేశాను, వంగిన మొక్కను సరిచేశాను. పావని చేసేదానికంటే నీటుగా వచ్చింది.

జూన్ 21, శనివారం

రొయ్యలు కనబడటం లేదు. రాళ్ల వెనక దాక్కున్నాయేమో.

జూన్ 23, సోమవారం

పావని ఫోన్. అన్నం సయిస్తోందట, వాంతులు తగ్గాయట. "రొయ్యలెట్ల ఉండాయి?" అని అడిగింది. బాగున్నాయని చెప్పాను. కనబడనంత మాత్రాన బాగాలేవని ఎట్లా అంటాం.

జూన్ 28, శనివారం

రిబ్బన్ గడ్డి కొసలు గాజులాగా అయ్యి, వేలు తగిలితే జారిపోతున్నాయి. అమెజాన్ ఆకులో ఈనెలు పచ్చగానే ఉన్నాయి, వాటి మధ్య పసుపు. ఇంత తేలికైన జబ్బు నా దుకాణానికి ఎన్నడూ రాలేదు. ఇనుము లోపం. ఏ రైతైనా ఆకు కోసుకొచ్చి బల్లమీద పెడితే కళ్లు మూసుకొని చెప్తాను. మిర్చికి కొట్టే సూక్ష్మపోషకాల మిశ్రమం చిటికెడు తీసుకుని నా చేత్తోనే నీళ్లలో కలిపాను. పావనికి చెప్పలేదు. పచ్చబడ్డాక చెప్తాను.

జూలై 2, బుధవారం

పచ్చబడింది. ఆకులు కాదు, నీళ్లు.

జూలై 3, గురువారం

మార్కాపురం వెళ్లాను. ఈ పెట్టె అమ్మింది నతానియేలు. అతని దుకాణం ముందు ప్లాస్టిక్ కవర్లలో చేపలు వేలాడుతుంటాయి. వివరమంతా చెప్పాను, సూక్ష్మపోషకాల సంగతి తప్ప. చాలాసేపు గడ్డం గోక్కున్నాడు.

"లైటు ఎక్కువైందేమో అన్నా."

"అదే లైటు, అదే టైము."

"అయితే తక్కువైందేమో."

నాకు నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఒక సీసా తీసి ఇచ్చాడు. మొక్కల టానిక్కట. ఇది పనిచేస్తుందా అంటే, "మీరూ మందులమ్ముతారు, నేనూ మందులమ్ముతా. మనమే ఒకర్నొకరం ఇట్ల అడిగితే ఎట్లన్నా?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

"నీళ్లల్లో ఏమీ పెట్టలేదు గదా?" అని అడిగాడు వచ్చేటప్పుడు.

"నా చెయ్యి తప్ప ఏం పెట్టలేదు" అన్నాను.

జూలై 8, మంగళవారం

చేపలు రెండు చచ్చి తేలాయి. అమ్మ చూడకముందే తీసి పారేశాను. చూస్తే అపశకునం అని ఊరంతా చెప్తుంది.

అమ్మకు ఆ పెట్టె అంటే మొదటి నుంచీ గిట్టదు. ఇంట్లో నీళ్లు నిలవ ఉంచుకోవడం ఏమిటని ఆమె బాధ. ఇప్పుడు ఆమె ధ్యాసంతా శ్రీమంతం మీద ఉంది. ఏడో నెలలో పావనిని ఇక్కడికి తెచ్చి, మన గడపలో గాజులు తొడిగి, తర్వాతే కాన్పుకు పంపాలట. "ముందు రెండు మాట్లూ ఆ యోగం లేకపాయ" అని కళ్లు తుడుచుకుంది. దసరా దాటాక మంచిరోజు చూడమని అయ్యవారికి కూడా చెప్పిందట.

పావని ఆరోజు ఈ గదిలోకి వచ్చి మొట్టమొదట చూసేది ఈ పెట్టెనే. ఎట్లాగైనా పచ్చగా ఉండాలి. రోజూ సాయంత్రం దుకాణం మూయగానే పైకి వచ్చి కుళ్లిన ఆకులు ఏరి పారేస్తున్నాను. ఇంత శ్రద్ధ నా పెళ్లిలో కూడా పెట్టలేదు.

జూలై 14, సోమవారం

నాలుగో నెల పడింది.

జూలై 15, మంగళవారం

ఫోన్ మోగితే భయం. మోగకపోతే భయం.

జూలై 19, శనివారం

లారీ నుంచి మందుల పెట్టెలు దించుతుంటే కాలు జారి పడ్డాను. మడమ దగ్గర నరం పట్టేసింది, కట్టు కట్టారు. కాలు మోపకూడదు, మెట్లు ఎక్కకూడదు. ఆలుమగలం ఇద్దరికీ ఒకే పథ్యం అని పావనితో అంటే పకపకా నవ్వింది. చాలా రోజులైంది ఆ నవ్వు విని.

గోడౌనులో మంచం వేయించుకున్నాను. దుకాణం గద్దె మీద కూర్చునే నడుపుతాను.

జూలై 24, గురువారం

ఈ వాసనలోనే పుట్టి పెరిగాను, నాకు అలవాటే. పొద్దున లేచేసరికి తలనొప్పి మాత్రం ఉంటోంది. గాలి ఆడక కావచ్చు.

పైన పెట్టెకు అమ్మే దిక్కు. కింద నుంచి నేను అరుస్తాను, పైన ఆమె మీట నొక్కుతుంది. మేత చిటికెడు వెయ్యమ్మా అంటే, "వేసినాలేరా, వాటికి నీకంటే ఆకలెక్కువ" అంటుంది. నీళ్లలో చెయ్యి మాత్రం పెట్టనంటే పెట్టనంది. ఆ కుళ్లు తీసేవాళ్లు లేక అన్నీ పోతాయేమో. చేసేదేముంది.

జూలై 29, మంగళవారం

అమ్మ మెట్ల మీద నుంచి కేకేసింది. "ఓబులేసా, ఏవో మొలుచ్చాండాయిరా ఇందులో!"

నాచు అయ్యుంటుంది. అమ్మకు అన్నీ మొలకలే.

ఆగస్టు 4, సోమవారం

కట్టు విప్పారు. పైకి వెళ్లి చూసి నమ్మలేకపోయాను.

రిబ్బన్ గడ్డి దుబ్బుల దగ్గర లేత పోచలు, నిలువునా. అమెజాన్ మధ్యలో చుట్ట చుట్టుకున్న కొత్త ఆకు. నీళ్లు తేటపడ్డాయి. మిగిలిన చేపలు ఆ పోచల మధ్య తిరుగుతున్నాయి. నాకు ఏడుపు వచ్చినంత పనైంది. ఫొటో తీసి పావనికి పంపాను. చెప్పానా లేదా అని కూడా పెట్టాను. నతానియేలు సీసా ఆలస్యంగా పనిచేసిందన్నమాట. అతన్ని అనవసరంగా తిట్టుకున్నాను.

పావని బొమ్మ పంపింది, రెండు చేతులూ జోడించిన బొమ్మ.

ఆగస్టు 6, బుధవారం

పత్తికి పురుగు పడింది. రోజంతా డబ్బాలు, సంచులు, చిల్లర పొట్లాలు. సాయంత్రం ఉత్సాహం ఆపుకోలేక పెట్టె సర్దాను. పాత మొదళ్లు పీకేసి, లేత పోచలకు చోటు చేసి, ఇసుక సమం చేశాను. గంటసేపు చెయ్యి నీళ్లలోనే ఉంది. హాయిగా అనిపించింది.

ఆగస్టు 7, గురువారం

చేపలన్నీ.

ఆగస్టు 9, శనివారం

లేత పోచలు గాజులా అయిపోతున్నాయి. ఏం తక్కువ చేశాను? నీళ్లు అవే. లైటు అదే. టానిక్కు వేశాను. నిన్న మిర్చి నారు కుళ్లిందని అర్ధవీడు నుంచి వచ్చిన ముసలాయన, నేను మందు చెప్పగానే చేతులెత్తి దండం పెట్టి పోయాడు. ఆ దండం తీసుకునేటప్పుడు సిగ్గేసింది.

పావని అడిగితే దివ్యంగా ఉన్నాయన్నాను. నాలుగో నెల రేపోమాపో దాటుతుంది. ఇప్పుడు చేపలు చచ్చాయని చెప్పే మొగుడు ఉంటాడా?

ఆగస్టు 11, సోమవారం

అన్నం తింటుంటే అమ్మ తన మానాన తను అంది. "నువ్వు కాలిరగ్గొట్టుకోని కింద పడుండినన్నాళ్లు బాగనే ఉండె గదరా. పైకొచ్చినావు, సచ్చినాయి."

కంచం నెట్టేసి లేచాను. ఆమె ఏం తప్పుమాట అందని అంత కోపం వచ్చిందో నాకే తెలియదు. తర్వాత వెళ్లి బుజ్జగించినా మొహం తిప్పుకునే ఉంది.

ఆగస్టు 14, గురువారం

పావనికి ఐదో నెల. మొదటిసారి ఐదో నెల చూస్తున్నాం. దుకాణంలో అందరికీ మిఠాయి పంచాను. కారణం చెప్పలేదు, దిష్టి తగులుతుందని అమ్మ వద్దంది.

ఆగస్టు 17, ఆదివారం

కంపెనీవాళ్లు చేలల్లో డెమో పెడతారు. ఒక మడికి మందు కొడతారు, పక్క మడికి కొట్టరు. రెండూ పక్కపక్కన చూస్తే రైతుకు ఇంక మాటలు చెప్పే పని ఉండదు. నేనే ఎన్ని పెట్టించానో.

అట్లాంటిది ఇంట్లో పెట్టాను. పాత ఊరగాయ సీసాలు రెండు అమ్మ చేత కడిగించి, అమ్మ చేతే క్యాను నీళ్లు పోయించాను. పెట్టెలో రాళ్ల చాటున మిగిలిన లేత పోచలు రెండు కూడా ఆమెనే తీసి వెయ్యమన్నాను. మునివేళ్లతో, ముక్కు మూసుకుని వేసింది. సాయంత్రం దుకాణం కట్టి వచ్చి ఎడమవైపు సీసాలో చేతులు ముంచి తీశాను. కుడివైపుది ముట్టుకోలేదు. ఊరికే, నీళ్ల తేడా ఏమన్నా ఉందేమో చూద్దామని.

ఆగస్టు 19, మంగళవారం

రెండూ బాగానే ఉన్నాయి. అనవసరంగా ఏదేదో అనుకుంటాను.

ఆగస్టు 21, గురువారం

ఎడమది పోయింది.

ఆగస్టు 22, శుక్రవారం

కుడిది తెల్లటి వేరు వేసింది.

ఆగస్టు 26, మంగళవారం

రాయబుద్ధి కాలేదు.

ఆగస్టు 29, శుక్రవారం

మొక్కల సంగతి తేలిపోయింది, సరే. నా చేతుల మీద ఉండేది నీళ్లలో దిగింది, మొక్కా చేపా పోయాయి. కడుక్కోమని ఆమె చెప్పింది, నేను కడుక్కోలేదు. ఇంతటితో ఆపేస్తే బాగుండేది. నా బుర్ర ఆగటం లేదు.

నా చొక్కాలు. మిషన్లో వేస్తే మిగతా బట్టలన్నిటికీ వాసన పడుతుందని దుకాణం చొక్కాలు విడిగా నానబెట్టి, మేడమీద బండమీద చేత్తో ఉతికేది. రోజూ. మొదటిసారి ఆ నెలల్లోనూ. రెండోసారి ఆ నెలల్లోనూ. నేను రాగానే చొక్కా విప్పి ఆమె భుజం మీద వేసేవాణ్ణి, సరసంగా. నవ్వుతూ తీసుకుపోయేది.

మా పడకగది సరిగ్గా గోడౌను మీద ఉంది.

సెప్టెంబరు 2, మంగళవారం

ఏమీ లేదు. ఎంతమంది ఆడవాళ్లు మందులు కొట్టిన చేలల్లో కలుపు తీయడం లేదు? వాళ్లందరికీ పిల్లలు లేరా? ఇవన్నీ ఊరికే పుట్టే ఆలోచనలు. కాలు నొప్పి వల్ల నిద్ర తక్కువై పుడుతున్నాయి.

సెప్టెంబరు 5, శుక్రవారం

కాలు నొప్పి పోయి నెలైంది.

సెప్టెంబరు 9, మంగళవారం

ఒక్కణ్ణే మార్కాపురం వెళ్లి పావనిని చూసే డాక్టరమ్మను కలిశాను. బయట ఆడవాళ్ల వరసలో మగవాణ్ణి ఒక్కణ్ణే కూర్చున్నాను. నా వంతు వచ్చాక దుకాణం, గోడౌను, చొక్కాలు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పాను. సీసాల డెమో కూడా చెప్పాను. నవ్వుతుందనుకున్నా, నవ్వలేదు.

"ఆ రెండు మాట్లు దానివల్లే పోయినాయని నేను చెప్పలేను. కారణం తెలియకుండానే ఎన్నో పోతుంటాయి" అంది.

"అయితే దానివల్ల కాదంటారా?"

"కాదని కూడా చెప్పలేను. జాగ్రత్త పడడం మాత్రం మంచిది. దూరంగా ఉండనీండి."

ఈ రెండు మాటల మధ్య మనిషి ఎక్కడ నిలబడాలి? అవునంటే ఏడ్చేవాణ్ణి. కాదంటే మిఠాయి తెచ్చుకునేవాణ్ణి. లేవబోతూ, "మీరు మెట్లెక్కొద్దని చెప్పడం మంచిదైంది మేడం, అందుకే పొదిలిలో ఉంది" అన్నాను.

ఆమె చీటీ మీది నుంచి తలెత్తింది. "మెట్లెక్కొద్దని నేనెప్పుడు చెప్పినా? బాగానే ఉంది గదా, నడవమనే చెప్పినా."

సెప్టెంబరు 10, బుధవారం

దుకాణం తెరవలేదు. జ్వరమని చెప్పించాను.

సెప్టెంబరు 14, ఆదివారం

ఆరో నెల. ఈ రోజు ఫోన్లో మాట్లాడింది ఉన్నదున్నట్టు రాస్తాను. తర్వాత నాకు అనుకూలంగా మార్చుకుంటానేమోనని భయం.

"శ్రీమంతం మీ ఇంట్లోనే చేద్దాం" అన్నాను.

"అత్త ఒప్పుకుంటాదా? ఎందుకు?"

"ఇక్కడ మొక్కలన్నీ పోయినాయి. చేపలు కూడా. నీకు అబద్ధం చెప్పినా."

 వెనక కుక్కరు ఈల వినబడింది. వాళ్లమ్మ ఎవరితోనో మాట్లాడుతోంది.

"నా చేతుల వల్లనే పోయినాయి పావనీ."

"తెల్సు" అంది.

"ఎప్పట్నుంచి?"

"పోయినేడు వానల్లో ఒకనాడు మీరు కొత్త మొక్క నాటినారు, గుర్తుందా? నాకు సాయం చేస్తానని. మరుసటి వారానికి దాని చుట్టూ ఉండేవన్నీ పోయినాయి. దూరంగా ఉండేవి బతికినాయి. అప్పుడు అనుకున్నా. తర్వాత నెల తిరక్కుండానే..." అని ఆగిపోయింది.

ఆ తర్వాత నెల తిరక్కుండా ఏం జరిగిందో ఇద్దరికీ తెలుసు.

"డాక్టరమ్మ మెట్లెక్కొద్దని చెప్పలేదంట గదా."

"చెప్పలేదు. నేనే అట్ల చెప్పినా."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేస్తారు మీరు? మీ నాయన పెట్టిన దుకాణం. మూస్తారా?"

 మూస్తానని అనాలి. సినిమాల్లో అయితే ఆ మాట అని షట్టరు దించేస్తారు. నాకు ఇంకో పని రాదు. ఉద్దెరకు మందులు తీసుకుని బాకీపడ్డ రైతులు, కంపెనీలు, పైన అమ్మ, రేపు పుట్టబోయే బిడ్డ, అందరూ ఆ షట్టరు కిందే ఉన్నారు.

"నిజమో కాదో నాకూ తెల్దు" అంది పావని. గొంతు మెత్తబడింది. "మొక్కల సంగతే తెల్సు. మిగిలింది తెల్దు. తెలియని దానికి మిమ్మల్ని ఎట్ల అనాల? అనకుండా ఆ ఇంట్లో ఎట్ల పడుకోవాల? అందుకే వచ్చేసినా."

ఆమె నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తిట్టదు. అన్నం తిన్నారా అని అడిగి పెట్టేసింది.

సెప్టెంబరు 18, గురువారం

అమ్మతో గొడవ. శ్రీమంతం పొదిలిలో అన్నందుకు.

"మన గడప ఏం పాపం చేసింది? వియ్యపురాలు నిన్ను చేతిలో పెట్టుకునింది!"

కారణం ఎట్లా చెప్పను? పావని మెట్లు ఎక్కకూడదు గదమ్మా అన్నాను. ఆ మాట ఇప్పుడు నాకు పనికొచ్చింది.

"నేనెక్కలేదా ఈ మెట్లు? ఈ ఇంట్లోనే ఉండి, మీ నాయన చొక్కాలు ఉతికి నిన్ను కనలేదా? నీకు ముందు ఇద్దరు కడుపులోనే పోతే పోయినారు, నువ్వు నిలవలేదా?"

నాకు ముందు ఇద్దరని ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు. ఆమె కూడా కోపంలో చెప్పి, చెప్పినట్టు గమనించకుండానే వంటింట్లోకి వెళ్లిపోయింది. ఆ దుకాణం నాయన ఎప్పుడు పెట్టాడో అడగాలనుకున్నాను. అడగలేదు. నాకు తెలుసు.

సెప్టెంబరు 24, బుధవారం

చేతికి తొడుగులు తెచ్చుకున్నాను. దుకాణం వెనకే స్నానం, అక్కడే బట్టలు మార్చుకోవడం. రైతులు నవ్వుతున్నారు. "ఏంది ఓబులేసన్నా, ఆపరేషన్ చేస్తావా ఏంది మాకు?" అన్నాడొకడు. వాడికీ ఒక జత ఇచ్చాను. జేబులో పెట్టుకుని పోయాడు, చేలో వేసుకోడని తెలుసు. రైల్వే స్టేషన్ వైపు అద్దెకు ఇల్లు చూస్తున్నాను. అమ్మకు ఇంకా చెప్పలేదు. ఇల్లు మారుస్తాను, చొక్కాలు మారుస్తాను. ముప్పై ఆరేళ్లుగా ఇందులో నానిన మనిషిని ఎక్కడ మార్చాలి?

ఈరోజు అమ్మను బతిమాలి పెట్టెలో నీళ్లు మార్పించాను. పాత నీళ్లన్నీ తోడి, కొత్తవి మగ్గుతో పోసింది. నడుం నొప్పని గొణిగింది. నేను దూరంగా నిలబడి ఇటు పొయ్యి, అటు పొయ్యి అని చెప్తుంటే, "నువ్వు ముట్టుకుంటే అరిగిపోతావా?" అంది. అవునమ్మా అన్నాను.

పెట్టెలో పలకరాళ్లు తప్ప ఏమీ లేవు. వేర్ల ముక్కలు ఉన్నాయేమో ఇసుకలో, తెలియదు. కుడి సీసాలో పోచ మాత్రం ఉంది. దాన్ని కూడా అమ్మే నాటింది, వంకరగా. బాగుంది.

అక్టోబరు 12, ఆదివారం

అయ్యవారు ఇదే మంచిరోజంటే, ఏడో నెలకు రెండు రోజుల ముందే పొదిలిలో శ్రీమంతం అయింది. అమ్మ మూతి ముడుచుకునే వచ్చింది గానీ పావనిని చూడగానే అన్నీ మరిచిపోయి బుగ్గలు పుణికింది. పావని పచ్చచీరలో నిండుగా ఉంది. అంత నిండుగా ఎన్నడూ చూడలేదు. మా ఇంట్లో అంతదాకా రాలేదు కదా.

దారిలో కొత్త చొక్కా కొని బస్టాండు దగ్గర మార్చుకున్నాను. వాళ్లింటికి పోగానే బోరు దగ్గర చేతులు కడుక్కున్నాను. సబ్బుతో ఒకసారి, ఉత్త నీళ్లతో ఒకసారి, మళ్లా సబ్బుతో. మా అత్త కృష్ణవేణమ్మ చూసి, "అల్లుడికి శుభ్రం ఎక్కువైంది" అని నవ్వింది.

గాజులు తొడగడం అయ్యాక, ఆడవాళ్లు భోజనాలకు లేచినప్పుడు పావని నన్ను లోపలి గదిలోకి పిలిచింది. తలుపు వేయలేదు. మంచం మీద కూర్చుని నా చెయ్యి కోసం చెయ్యి చాపింది. చేతినిండా గాజులు.

"కదులుతాంది. ఇక్కడ. పెట్టి చూడండి."

నా చేతులు వెనక్కి వెళ్లిపోయాయి. నేను పంపలేదు, వాటంతట అవే వెళ్లాయి.

"కడుక్కున్నారు గదా?"

"కడుక్కున్నా."

"ఇంగేంది?"

ఆమె మొహం చూశాను. రమ్మంటోంది, నిజంగానే. భయం లేదని చెప్పాలని చూస్తోంది. కానీ నేను ఒక అడుగు వేయగానే, ఆమె చాపని రెండో చెయ్యి మెల్లగా పొట్ట మీదికి వచ్చి కప్పుకుంది. తనకు తెలియకుండానే. చూసుకుని తీసేసింది. తీసేసి, కళ్లనిండా నీళ్లు పెట్టుకుంది.

"నాకు అట్ల అనిపించలేదండీ. చెయ్యి అట్ల పోయింది" అంది.

"నాకు తెల్సులే" అన్నాను. "నాదీ అట్లనే పోయింది."

ఆ చీర మీద ఒకచోట చిన్నగా కదిలింది. నిలబడి చూశాను. అంత దూరం నుంచి కూడా కనబడింది.

అక్టోబరు 13, సోమవారం

దుకాణం తెరిచాను. తెరవక ఏం చేస్తాను. మిర్చికి తామర పురుగు పడిందని పొద్దున్నే జనం నిలబడి ఉన్నారు.

అక్టోబరు 21, మంగళవారం

రిబ్బన్ గడ్డి పక్కకు పాకింది. అమ్మ వంకరగా నాటిన పోచ నుంచి ఇసుకలోనే తీగ పోయి, పలకరాయి మొదట్లో మూడు లేత ఆకులు లేచాయి. పావని ఫొటో అడిగితే పంపాను. ఒక ఆకు రాయికి పట్టుకుని మడత పడి ఉంది, వేలితో కాస్త తప్పిస్తే చాలు నిటారుగా లేస్తుంది.

ముట్టుకోలేదు.